మనది కాని నేలలో మనమెందుకు నాటవలెను?

(ధ్యానమునకు: ప్రసంగి 2:18–21, లేవీయకాండము 25:23, యోహాను 4:35–38)



మృగశిర కార్తె ప్రవేశించినది. తొలకరి వాన పడి మన నర్సీపట్నపు ఎఱ్ఱనేల మెత్తబడినది. ఈ దినములలో మన పల్లెలలో ఏ పెరటిలో చూచినను ఎవరో ఒకరు పలుగు పట్టుకొని పాదులు త్రవ్వుచు కనబడుదురు. మేమును మొన్న సోమవారమున సంఘపు ఇంటి పెరటిలో ఒక గొయ్యి తీసి, పెంట ఎరువు వేసి, ఒక పనస మొక్కను నాటుచుంటిమి. మన సంఘపు యౌవనస్థుడొకడు ఏదో పని మీద వచ్చి, కొంతసేపు నిలిచి చూచి, ఇట్లడిగెను.

“అయ్యగారూ, ఇది కాయడానికి ఎన్నేళ్లు పడతాదండీ?”

“గింజ మొక్క గదా బాబూ, ఏడెనిమిదేండ్లు పట్టవచ్చును.”

“అప్పటికి మీరిక్కడ ఉంటారేటండీ?”

అతడు ఎగతాళికి అడుగలేదు. పాస్టరు బ్రతుకు అతనికి తెలియును. ఇల్లు సంఘముది, నేల సంఘముది, బదిలీ ఉత్తరము వచ్చిన దినమున పెట్టెలు సర్దుకొని పోవలసినవారము మేము. ఆ మాటకు మేము నవ్వి ఊరకుంటిమి. అతడు వెళ్లిన తరువాత ఆ ప్రశ్న మాత్రము మమ్మును విడువలేదు.

ఇది పాస్టరులకు మాత్రమే చెందిన ప్రశ్న కాదు. ఒకరి పొలమును కౌలుకు చేయువాడు దీనిని అడుగును. అద్దె ఇంటిలో నుండువాడు అడుగును. పట్టాలేని స్థలములో గుడిసె వేసికొన్నవాడు అడుగును. కూలికి దూరదేశము పోవువాడును, ముసలితనమువలన రేపెట్లుండునో అని తలంచువాడును అడుగును. మనది కాని నేలలో, మనము తినబోని ఫలము కొరకు మనమెందుకు చెమటోడ్చవలెను? ఈ నెల ఈ సంగతిని వాక్యపు వెలుగులో ఆలోచింతము.

పెరటి తోటలో రెండు విధములైన పంటలున్నవి. ఒకటి మన కన్నుల ఎదుటనే ఫలమిచ్చునది. మృగశిరలో పెట్టిన ఆనప, బీర, పొట్ల గింజలు వారము పది దినములలో మొలిచి, పందిరి నల్లుకొని, రెండు నెలలలో కాయ నిచ్చును. తోటకూర, గోంగూర అంతకంటె త్వరగా కూరకు వచ్చును. వానలు తగ్గుముఖము పట్టినప్పుడు వంగ, మిరప, టమాటా నారు పోసికొందుము. చిక్కుడు తొలకరిలోనే పెట్టినను, ఎంత ఏపుగా పందిరి నిండినను, రాత్రులు పొడవగు వరకు పువ్వు తొడుగదు. చింతపల్లి కొండల మీదినుండి చలిగాలి దిగు కాలమునకు గుత్తులు గుత్తులుగా కాయును. అప్పుడే బంతి, చామంతి విరబూసి క్రిస్మసు నాటికి గుడి గుమ్మమునకు అందివచ్చును. చలికాలములో కత్తిరించిన మల్లె ఎండలు ముదురుచుండగా మొగ్గ తొడుగును. వేసవిలో స్నానపు నీళ్లును, బియ్యము కడిగిన నీళ్లును పోసి బచ్చలిని, కరివేప మొక్కను బ్రతికించుకొందుము. మరల రోహిణి ఎండ, మరల మృగశిర వాన. ఈ పంటలో విత్తినవాడే కోయును గనుక మనలో ఎవరికిని సందేహము పుట్టదు.

రెండవ విధము పనస, మామిడి, కొబ్బరి, చింత మొదలైన చెట్లు. వాటి లెక్క మన లెక్క కాదు. తాత నాటిన చింతను మనుమడు దులుపుకొనును. ఇక్కడనే ఆ యౌవనస్థుని ప్రశ్న లేచుచున్నది.

దీనికి జవాబు చెప్పకమునుపు మేమొక తప్పిదమును ఒప్పుకొనవలసి యున్నది. అనేక సంవత్సరముల క్రిందట, వేరొక చోట, మా మొదటి సంఘములో మేము నాలుగేండ్లు ఉంటిమి. ఆ ఇంటి వెనుక బీడును శుభ్రపరచి అరటి వేసితిమి. నడవ ప్రక్కన కనకాంబరములు పెంచితిమి. ఎండకాలము దూరపు బోరింగు నుండి బిందెలతో నీళ్లు మోసితిమి. అరటి గెలలు వేసి ఇంకను కాయ లావెక్కని దినములలో బదిలీ ఉత్తరము వచ్చెను. మా మనస్సు చేదెక్కెను. మేము మోసిన నీళ్లకు ఇంకొకరు పండ్లు తినవలెనా అనుకొంటిమి. లేత గెలలను నరికి సామానుతో వేసికొంటిమి. కనకాంబరములను వేళ్లతో పెకలించి గంపలో పెట్టుకొంటిమి. త్రోవలో ఎండకు ఆ మొక్కలు వాడి చచ్చెను. కాయలు పండక ముడుచుకొని నల్లబడెను. వెనుక వచ్చినవారికిని లేదు, మాకును లేదు.

తరువాత కొన్ని ఏండ్లకు, ఇప్పటికి ఏడేండ్ల క్రిందట, మే నెలలో ఇక్కడికి వచ్చితిమి. మాకు ముందున్న పాస్టరుగారు వ్యాధితో నుండి ఈ సంఘమును విడిచిపోయిరి. మేము వంటయింటిలో అడుగుపెట్టి చూడగా, దూలమునకు పురికొసతో కట్టిన ఒక ఎండిన ఆనపబుఱ్ఱ వ్రేలాడుచుండెను. దించి కదిపి చూచితిమి. లోపల గింజలు గలగలమనెను. మొదటి కాపులోని మంచి కాయను కూరకు కోయక, తీగమీదనే ముదరనిచ్చి, ఎండబెట్టి, తరువాత వచ్చువారి కొరకు అమ్మగారు కట్టి పోయిరి. ఆ మృగశిరలో ఆ గింజలనే పెట్టితిమి. శ్రావణమాసములో మొదటి ఆనపకాయ కోసి వండుకొని తినుచుండగా, మేము నరికిన అరటి గెలలు మాకు జ్ఞాపకము వచ్చి ముద్ద గొంతు దిగలేదు.

ప్రసంగి గ్రంథకర్త మనవంటి మనస్సు గలవాడే. ఆయన తోటలు వేసెను, ఫలవృక్షములు నాటెను, వాటికి నీళ్లు పారుటకు చెరువులు త్రవ్వించెను (2:5–6). పిమ్మట ఆయనకు దిగులు పుట్టెను. ఇదంతయు నా తరువాత వచ్చువానికి పోవును గదా. వాడు జ్ఞానియో బుద్ధిహీనుడో ఎవరికి తెలియును అని తన కష్టమునే అసహ్యించుకొనెను (2:18–19). దేవుని వాక్యము ఈ దిగులును దాచిపెట్టలేదని గమనింపుడి. కష్టపడినవానికి ఇది కలుగుట సహజమే. అయితే అదే అధ్యాయమును మొదటినుండి చదివి చూడుడి. ఆయన కట్టించినది తన కొరకు, నాటించినది తన కొరకు, కూర్చుకొనినది తన కొరకు. తన కొరకే నాటినవానికి తన తరువాతి కాలము దొంగవలె కనబడును.

దేవుడు ఇశ్రాయేలీయులకు వాగ్దాన దేశము నిచ్చినప్పుడు ఒక మాట ముందుగానే చెప్పెను. భూమి నాది, మీరు నా యొద్ద కాపురమున్న పరదేశులవంటివారు అను భావము గల మాట లేవీయకాండము 25:23లో నున్నది. ఇది భూమిలేని వారికి చెప్పిన మాట కాదు. గోత్రము చొప్పున, వంతు చొప్పున భూమి పొందబోవువారికే చెప్పెను. కావున పట్టా కాగితము పెట్టెలో నున్నవాడును, లేనివాడును దేవుని ఎదుట పరుల నేలలోనే నాటుచున్నారు. ఆదికాండము 2:8 ప్రకారము మొదటి తోటను నాటినది దేవుడే. మనుష్యుడు దానిని సేద్యపరచుటకును కాచుటకును పెట్టబడెను గాని దాని యజమానుడుగా కాదు.

ఇక్కడ మేము ఆగి ఒక జాగ్రత్త చెప్పవలెను. ఈ బోధను వక్రముగా వాడుకొనువారు లేకపోలేదు. భూమి దేవునిది, నీవు నాటుము, ఫలము సంగతి అడుగకుము అని పనివానితో చెప్పుట యజమానునికి మిక్కిలి సుఖము. మన తాతముత్తాతలలో అనేకులు ఇతరుల పొలములలో నాటిరి, కలుపు తీసిరి, కోసిరి. గాదెలు నిండినది ఇతరుల ఇండ్లలో. దానిని త్యాగమని మేము పిలువము. వాక్యమును పిలువలేదు. ద్రాక్షతోట నాటి దాని ఫలమును తినలేకపోవుట ద్వితీయోపదేశకాండము 28:30లో శాపములలో నొకటిగా చెప్పబడినది. క్రొత్త ఆకాశమును, క్రొత్త భూమిని గూర్చి చెప్పిన యెషయా, ఆ దినమున ఒకరు నాటగా వేరొకరు తినుట ఉండదనియు, నాటినవారే తమ చేతుల పంట అనుభవింతురనియు ఆశీర్వాదముగా చెప్పెను (65:21–22). అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను అడిగినది దేనికి? నగరు ప్రక్కన కూరమొక్కలు పెంచుకొనుటకు (1 రాజులు 21:2). కూరమళ్ల కొరకే ఒక నీతిమంతుని రక్తము చిందింపబడెను. అప్పుడు దేవుడు ఏలీయాను పంపి రాజునకు తీర్పు చెప్పించెను గాని, నీ తోటను ఇచ్చియుండరాదా అని నాబోతును గద్దింపలేదు.

అట్లయితే ఒకరు విత్తగా ఒకరు కోయుట శాపమా, దీవెనయా? ప్రభువైన యేసు సమరయలో తన శిష్యులతో మాటలాడుచు, విత్తినవాడును కోసినవాడును కూడి సంతోషించుటను గూర్చి చెప్పెను. ఇతరులు ప్రయాసపడిన పంటలో మీరు ప్రవేశించితిరనెను (యోహాను 4:36–38). ఒక చేతి పంట వేరొక చేతికి పోవుట రెండు చోట్లను ఒక్కటే. భేదమంతయు ఆ పంట లాగుకొనబడినదా, ఇయ్యబడినదా అనుటలోనే యున్నది. అందుచేత ఈ విషయములో మనము పట్టుకొనవలసిన నియమమొకటి మాకు తోచుచున్నది. ఇతరుల కొరకు నాటుము అను ఆజ్ఞను ఎవడును తన చేతికే చెప్పుకొనవలెను గాని, తన క్రింద పనిచేయువాని చేతికి చెప్పరాదు. పనివానికి చెప్పవలసిన మాట వేరు: ఇదిగో నీ కూలి, ఇదిగో నీ పాలు.

ఈ రెండు సంగతులును ఒక మనిషి బ్రతుకులో మేము చూచితిమి. మన సంఘములో ఒక వృద్ధురాలైన విధవరాలున్నది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నపు తీరమున దాటినప్పుడు మన ప్రాంతములో పెరటి చెట్లు ఎన్ని నేలకొరిగెనో పెద్దలందరికిని జ్ఞాపకమే. అందరును కూలిన చెట్లను పొయ్యిలోనికి కొట్టుకొనుచుండగా, ఆమె విరిగిపడిన ములగ కొమ్మలను ఏరి, మొలలోతు ముక్కలు చేసి, తాను కాపురమున్న సందు పొడవున పాతిపెట్టినదట. ములగకు గింజ అక్కరలేదు; లావుపాటి కొమ్మ తడినేలలో వేరు తన్నును. మేము వచ్చునాటికి ఆ సందులోని వారందరును ఆ ములక్కాడలే పులుసులో వేసికొనుచుండిరి. ఆమె ఇల్లున్న స్థలము ఆమెది కాదు. రెండేండ్ల క్రిందట ఖాళీ చేయవలసి వచ్చెను. సామాను మోయించుటకు మేమును వెళ్లితిమి. గుమ్మము ప్రక్కనున్న చెట్టు నిండ కాయలున్నవి. కోసికొని పొమ్మని ఎవరో చెప్పగా ఆమె నాలుగు కాయలు మాత్రము కోసికొని, “మిగతావి ఉండనీండి బాబూ, వచ్చినోళ్లకి కూర వద్దేటి?” అనెను.

ఆ మాటను మేము ప్రసంగములలో ఎన్నిమారులో చెప్పియుందుము. కాని ఒక్కటి మరువరాదు. ఆమె చెట్టును సంతోషముగా విడిచినది నిజమే. ఆమెకు తనదనుకొను సెంటు స్థలమైనను లేకపోవుట సంతోషించవలసిన సంగతి కాదు. ఆమె ఉదారతను పొగడి, ఆమె అవసరమును మరచినయెడల మనము అహాబు ప్రక్కన నిలిచినవారమగుదుము. సంఘపు పెద్దలు ఆమెతో వెళ్లి ఇంటి స్థలము కొరకు అర్జీ పెట్టించిరి. దానికొరకు ఇంకను కనిపెట్టుచున్నాము. ఆమె వంతు ఇచ్చుట. మన వంతు ఆమెకు న్యాయము కలుగునట్లు తిరుగుట.

మనము నేడు తినుచున్నవి ఎవరు నాటినవో కొంచెము వెనుకకు చూతము. మనకు దక్షిణమున నున్న సామర్లకోటలో, 1780వ దశాబ్దములో, విలియం రాక్స్‌బర్గు అను వైద్యుడు తోట వేసి మిరియాలు మొదలైన అనేక మొక్కలను పెంచి పరీక్షించెను. తెలుగు దేశపు మొక్కలను గూర్చి శ్రద్ధగా వ్రాసికొనెను, బొమ్మలు గీయించెను. 1793లో ఆయన ఆ తోటను విడిచి కలకత్తా వృక్షశాస్త్ర తోటకు అధికారిగా వెళ్లవలసి వచ్చెను. ఆ సంవత్సరమే చెప్పులు కుట్టు వృత్తి నుండి దేవుని సేవకు వచ్చిన విలియం కేరీగారు బంగాళాదేశమున దిగెను. ఈ ఇద్దరికిని మొక్కల మూలముగా స్నేహమాయెను. రాక్స్‌బర్గు 1815లో చనిపోయెను. భారతదేశపు మొక్కలను గూర్చి ఆయన వ్రాసిన గొప్ప గ్రంథము పూర్తిగా మూడు సంపుటములై 1832లో శ్రీరామపురమున అచ్చయినది. దానిని దిద్ది అచ్చువేయించినవాడు కేరీగారే. నాటినవాడొకడు, నీరుపోసినవాడొకడు.

కేరీగారికి తన తోటయందు ఎంత ప్రేమయనగా, 1823లో వరద వచ్చి దానిని పాడుచేయగా ముసలితనములో మరల నాటించెను. 1834లో మరణపడకమీద నున్నప్పుడు ఆయనకు ఒక దిగులు పుట్టెనట. తాను పోయిన తరువాత స్నేహితుడైన మార్ష్‌మన్ ఆవులను తోటలోనికి తోలునేమోనని! ఎన్నో భాషలలోనికి వాక్యమును తెచ్చిన భక్తునికిని ప్రసంగి దిగులు తప్పలేదు. మార్ష్‌మన్‌కు మొక్కలయందు అంత ఆసక్తి లేదు. అయినను ఆ తోటను కాపాడుట తన బాధ్యతయని ఆయన మాట యిచ్చెను. నాటినవాని దిగులు తీర్చునది వెనుకవాని నమ్మకత్వమే.

మన చేతిలోని తెలుగు సువార్తల సంగతి యేమి? 1805లో క్రాన్, దే గ్రాంజ్ అను ఇద్దరు సేవకులు విశాఖపట్నమునకు వచ్చి తెలుగు నేర్చికొని, ఆనందరాయరు అను విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగులోనికి మార్చుటకు పూనుకొనిరి. క్రాన్ 1809లోను, దే గ్రాంజ్ 1810లోను మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. ఆ ఇద్దరును ఆ అచ్చు పుస్తకమును కన్నులార చూడలేదు. వారి వెనుక ఎందరో దిద్దిరి, ఎందరో మరల తర్జుమా చేసిరి. వారు మొదలుపెట్టిన పని యొక్క ఫలములో నేడు మనము పాలుపొందుచున్నాము. తినబోము గదా అని వారు చేతులు ముడుచుకొని యుండినయెడల మన గతి యేమి?

కాబట్టి ప్రియులారా, ఈ తొలకరిలో మేము కొన్ని మనవులు చేయుచున్నాము. మొదటిది, మీ పాదులో మొదటి కాపున మంచి కాయ నొకదానిని విత్తనమునకు విడువుడి. దానిని కోయక విడుచుటకు మనస్సు పట్టవలెను. ఆ అలవాటే ఆత్మకు మేలు. ఎండిన గింజలలో సగము మీకుంచుకొని సగము పొరుగువారికి పంచుడి. రెండవది, త్వరగా కాయు కూరమడితోపాటు, మీరు తినకపోవచ్చునను చెట్టు నొకదానిని కూడ నాటుడి. పిల్లలచేత నీళ్లు పోయించుడి. మూడవది, పూలమొక్కలను వ్యర్థమని తీసివేయకుడి. సాయంకాలము విచ్చిన మల్లె మరునాటికి వాడును. రేపటికని పెట్టెలో దాచుకొనుటకు వీలులేదు. ఆ పూటకే ఎవరికైనను ఇచ్చివేయవలసినది గనుక, ఇచ్చుట నేర్పుటకు పువ్వును మించిన గురువు లేదు. నాలుగవది, ఇల్లు మారవలసి వచ్చినప్పుడు మొక్కలను పెకలింపకుడి. వీలైనయెడల పోవు దినమున కూడ ఒక బిందె నీళ్లు పోసి వెళ్లుడి. అయిదవది, మీ పొలములో పనిచేయువానికి ముందుగా వాని పాలు ఇచ్చి, ఆ తరువాతనే త్యాగమును గూర్చి మాటలాడుడి.

పనస మొక్కను నాటిన మరునాడు ఉదయమున మేము పెరటిలోనికి వెళ్లి చూడగా, దాని చుట్టు మేకలు రాకుండ ముళ్లకంప చక్కగా కట్టి యున్నది. ఎవరు కట్టిరని విచారింపగా, ఆ ప్రశ్న అడిగిన యౌవనస్థుడే పనికి పోవుచు తెల్లవారక మునుపే వచ్చి కట్టి పోయెనని తెలిసెను. మేమిక్కడ ఉండకపోవచ్చును, అతడుండును. వంటయింటి దూలమునకు ఈ ఏటి ఆనపబుఱ్ఱ కూడ సిద్ధమగును. నాటువాడైనను నీళ్లు పోయువాడైనను ఏమియు కాడు, పెరుగజేయువాడు దేవుడేయని పౌలు కొరింథీయులకు వ్రాసిన సంగతి (1 కొరింథీ 3:6–7) మాకు ఈ యేడు ముళ్లకంప చూచినప్పుడు బాగుగా అర్థమైనది.

మన చేతుల పనిని ప్రభువు స్థిరపరచి, మన వెనుక వచ్చువారికి దానిని దీవెనగా చేయును గాక. ఆమేన్.